అడ్వాన్స్‌డ్ బ్యాచ్‌లో పెద్దబావ

మా పెద్దబావకి స్పానిష్‌లో ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టడం రాదు. ‘మీ పేరేమిటి’ అని అడగడం రాదు. నీళ్ళని ఏమంటారో తెలీదు. కానీ ‘ఓడ మునిగిపోకుండా ఉండి ఉంటే కెప్టెన్ తన భార్యకి నిజం చెప్పి ఉండేవాడని నేను నమ్మి ఉండేవాణ్ణి కాదు’ అనే వాక్యాన్ని ఎక్కడా తడుముకోకుండా చెప్పగలడు. ఇది తెలివి తక్కువై జరిగింది కాదు. పరువు ఎక్కువై జరిగింది.

మేము పనిచేసేది నేల మీద పరిచే టైల్స్ తయారుచేసే కంపెనీలో. పెద్దబావ అక్కడ ఫిర్యాదుల విభాగానికి పెద్ద. ఆ విభాగంలో ఆయన కింద ఉన్నది నేనొక్కణ్ణే. నేను ఉండేది కూడా వాళ్ళింట్లోనే. పొద్దున్నే ఆయన స్కూటరు వెనక కూర్చుని ఆఫీసుకి వెళ్ళి, ఆయన చెప్పింది టైపు చేసి, సాయంత్రం అదే స్కూటరు మీద ఇంటికొస్తాను. అందుకని ఆఫీసులో తిట్లు తిని ఇంటికొచ్చి చెప్పుకోవడం, ఇంట్లో తిట్లు తిని ఆఫీసుకెళ్ళి మొహం మాడ్చుకోవడం అనే రెండు సుఖాలూ నాకు లేవు.

చిన్నబావ, అంటే మా చిన్నక్క భర్త, అదే కంపెనీలో అమ్మకాల విభాగం చూస్తాడు. చిన్నబావ టైల్స్ అమ్ముతాడు. అవి పగిలాక, అందులో కంపెనీ తప్పేమీ లేదని పెద్దబావ నిరూపిస్తాడు. “మన కుటుంబం మొత్తం ఒకటే టైలు మీద నిలబడింది” అంటూ ఉంటుంది చిన్నక్క.

ఫిర్యాదుల విభాగంలో ఒక పద్ధతి ఉంది. ఎక్కడా రాసిలేదు గానీ, పెద్దబావకి ముందు ఆ కుర్చీలో కూర్చున్న ఆయన, ఆయనకి ముందు కూర్చున్న ఆయన, అందరూ పాటించినదే. తప్పు అనే మాట వాడకూడదు. టైలు పగిలింది అని ఒప్పుకోకూడదు. ‘నేలని తగినంత చదును చేసి ఉన్నట్లయితే, సిమెంటు పాళ్ళు సరిగ్గా కలిపి ఉన్నట్లయితే, ఆరేదాకా దాని మీద ఎవరూ నడవకుండా ఉన్నట్లయితే, సదరు టైలు పగిలి ఉండేది కాదు’ అని రాయాలి. చివర ‘విచారిస్తున్నాము’ అనొచ్చు. ‘క్షమించండి’ అనకూడదు. విచారించడానికి ఖర్చేమీ కాదు, క్షమాపణ చెబితే కొత్త టైలు పంపాలి.

ఇన్నేళ్ళు ఇదే పని చేసిన మనిషి ఇంటికొచ్చాక మారిపోడు కదా. స్టవ్ మీద పాలు పొంగిపోయాయనుకోండి, పక్కనే నిలబడి పేపరు చదువుతున్న బావ, “నువ్వు ఒక్క కేక వేసి ఉంటే నేను చూసి ఉండేవాణ్ణి” అంటాడు.

“మీరు పక్కనే ఉన్నారు కదండీ” అంటుంది మా పెద్దక్క.

“ఉన్నాను. చూడమని చెప్పి ఉంటే కదా.”

“ఇంట్లో కూడా ఆఫీసు తెరిచారా?”

“విచారిస్తున్నాను” అంటాడు బావ. క్షమించమనడు.

అలా ఉండగా కంపెనీని వేరే దేశం వాళ్ళు కొన్నారు. వాళ్ళు మాట్లాడేది స్పానిష్. మేనేజరుగారు బావలిద్దరినీ గదిలోకి పిలిచి ఉన్నదున్నట్టు చెప్పేశారు. కొత్త యజమానులతో మాట్లాడటానికి, రాయడానికి ఒక ఆఫీసరు కావాలి. కొత్త కుర్చీ, కొత్త గది, తలుపు మీద పేరు. తనిఖీకి వాళ్ళ మనిషి వచ్చేనాటికి ఇద్దరిలో ఎవరికి ఆ భాష వస్తే ఆ కుర్చీ వాళ్ళది. రెండో వాళ్ళకి గోడౌన్.

గోడౌన్ అంటే బస్సు ఆఖరి స్టాపు దాటి ఇంకా నడిచాక వచ్చే రేకుల షెడ్డు. అక్కడ పనిచేసేవాళ్ళు పెళ్ళికొచ్చినా కనుబొమల్లో సిమెంటు కనిపిస్తుంది. అక్కడికి వెళ్ళినవాణ్ణి ఆ తర్వాత ఎవరూ పేరు పెట్టి పిలవరు. గోడౌన్ ఆయన అంటారు. వాళ్ళావిడని గోడౌన్ ఆయన భార్య అంటారు.

ఆ మాట వినగానే అక్క కూర తరగడం ఆపింది.

“మీరు గోడౌన్‌కి పోతే నేను నా చెల్లెలింటికి ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?”

“పోనీ నీ చెల్లెలి మొగుడే పోతే?” అన్నాడు పెద్దబావ.

“అప్పుడు అదే మనింటికొస్తుంది. ఓదారుస్తాను” అని మళ్ళీ తరగడం మొదలుపెట్టింది.

చిన్నబావ మర్నాడే స్పానిష్ క్లాసులో చేరిపోయాడు. పెద్దబావ చేరలేదు. కంపెనీ కొన్నది వాళ్ళు కాబట్టి మన భాష నేర్చుకోవాల్సింది వాళ్ళేనని కొన్నాళ్ళు వాదించాడు. ఎవరితో వాదించాడంటే నాతో. నేను ఒప్పుకున్నాను. నేను ఒప్పుకున్నా వాళ్ళు నేర్చుకోలేదు. చివరికి తనిఖీ దగ్గరపడ్డాక నన్ను వెంటేసుకుని బయల్దేరాడు.

క్లాసు టైలరు షాపు మీద మేడలో. మూడు గదులు, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి వెళ్ళేలా ఉంటాయి. మొదటిది టీచరమ్మ బల్ల. రెండోది ఇంటర్మీడియట్. దాంట్లోంచి నడిచి వెళ్తే చివర బిగినర్స్. కింద కుట్టుమిషన్లు నడిస్తే పైన నేల వణుకుతుంది. టీచరమ్మ చాలా ఏళ్ళు ఆ దేశాల్లో ఉండి వచ్చిన పెద్దావిడ. కళ్ళజోడు మెడలో గొలుసుకి వేలాడుతూ ఉంటుంది.

“బిగినర్సే కదా?” అంది ఆవిడ, రసీదు పుస్తకం తీస్తూ.

పెద్దబావ తలుపు సందులోంచి లోపలికి చూశాడు. ఇంటర్మీడియట్ గదిలో ముందు వరసలో చిన్నబావ కూర్చుని, “ఇది నా కుర్చీ. నా కుర్చీ మంచిది” అని వల్లెవేస్తున్నాడు. బిగినర్స్ గదికి వెళ్ళాలంటే రోజూ ఆ కుర్చీ ముందు నుంచి నడిచి వెళ్ళాలి. అదీ పలకా బలపం పట్టుకున్నట్టు మొదటి పుస్తకం చంకలో పెట్టుకుని.

“అడ్వాన్స్‌డ్ లేదా అండీ?” అన్నాడు పెద్దబావ.

టీచరమ్మ కలం కింద పెట్టింది. కళ్ళజోడు పెట్టుకుని బావని చూసింది. ఆ ప్రశ్న ఆవిణ్ణి ఎవరూ అడిగి ఎన్నేళ్ళయిందో ఆవిడ మొహంలోనే కనిపించింది. అక్కడ చేరిన వాళ్ళందరూ ఇంటర్మీడియట్‌లోకి రాగానే, వచ్చిందని పదిమందికీ చెప్పుకోవడానికి అది చాలు గనక, మానేస్తారట.

“మీకు ఇంతకుముందు ఎంతవరకు వచ్చు?” అంది.

“అన్నీ కాస్త కాస్త.”

అంత పెద్ద ఆఫీసర్ని పట్టుకుని ‘అయితే ఒకటి నుంచి పది చెప్పండి’ అనడం మర్యాద కాదని ఆవిడ అనుకుంది. రాదని చెప్పడం పరువు కాదని ఈయన అనుకున్నాడు. అలా ఇద్దరు మర్యాదస్తుల మధ్య మొదటి రెండు పుస్తకాలూ ఎగిరిపోయాయి. అడ్వాన్స్‌డ్‌కి గది లేదు కాబట్టి మొదటి గదిలో ఆవిడ బల్ల దగ్గరే కూర్చోవాలి. అంటే చిన్నబావే లోపలికి వెళ్ళడానికి రోజూ మా ముందు నుంచి నడవాలి. బావ ఫీజు అక్కడికక్కడే కట్టేశాడు. ఒక్కడే విద్యార్థి గనక ఎదురు మాట్లాడటానికి తోడు ఉండాలని నన్నూ ఊరికే కూర్చోబెట్టారు.

అడ్వాన్స్‌డ్ పుస్తకం మొత్తం ఒక ఓడ కెప్టెన్ భార్య కథ. ఆవిడ భర్త పోయాక కిటికీ దగ్గర కూర్చుని జరిగినవీ, జరగనివీ తలుచుకుంటూ ఉంటుంది. అందులో ఓడ, తుఫాను, సమాధి, వారసత్వం, పశ్చాత్తాపం, అన్నీ ఉన్నాయి. అన్నం, నీళ్ళు, కుర్చీ లేవు.

“ఆ భాషలో గతం ఒకటి కాదు” అని మొదలుపెట్టింది టీచరమ్మ. “జరిగి, అయిపోయి, తలుపు మూసేసిన గతం ఒకటి. ‘కెప్టెన్ చచ్చిపోయాడు.’ అది అయిపోయింది. రెండోది, అలా సాగుతూ ఉండిన గతం. ‘కెప్టెన్ పోయిన రోజుల్లో వాన కురుస్తూ ఉండేది.’ ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు ఆగిందో మనకి అక్కర్లేదు. మూడోది గతానికి కూడా గతం. ‘వాళ్ళు పడవలు తీసుకెళ్ళేసరికే ఓడ మునిగిపోయి ఉంది.’ ఇవన్నీ నిజంగా జరిగినవి. ఇక జరగనివి, జరగాలని కోరుకున్నవి, జరుగుతాయేమోనని భయపడ్డవి, జరిగాయంటే నమ్మలేనివి ఉంటాయి చూశారా, వాటికి క్రియ మొత్తం వేషం మార్చుకుంటుంది. అక్కడే అందరూ పారిపోతారు.”

పెద్దబావ పారిపోలేదు. ముందుకి జరిగి కూర్చున్నాడు.

“అంటే, ఫలానాది చేసి ఉన్నట్లయితే ఫలానాది జరిగి ఉండేది కాదు. ఇదే కదండీ?”

“అదే. అదే నాయనా” అంది టీచరమ్మ. ఆవిడకి కళ్ళజోడు తుడుచుకోవాల్సి వచ్చింది.

బావకి అది కొత్త భాషలా లేదు. తన ఆఫీసులో తను రోజూ రాసేదే, కాకపోతే వేరే శబ్దాలతో. మిగతా వాళ్ళు ఏడాది తంటాలు పడేదాన్ని ఆయన ఒక సాయంత్రంలో పట్టేశాడు. నిఘంటువు చూసి టైలు, పగులు, సిమెంటు, చెప్పులు, మడమ లాంటి మాటలు మాత్రం సొంతంగా నేర్చుకున్నాడు. నాకు కూడా పక్కన కూర్చున్న పాపానికి కెప్టెన్ భార్య కష్టాలన్నీ వచ్చేశాయి.

ఇంట్లో అక్క ఒకసారి వినయంగానే అడిగింది. “ఇంతకీ మీరు నేర్చుకునేదేమిటండీ?”

“కోరికలు, భయాలు, అనుమానాలు, లేనిపోనివి.”

“మీ అమ్మగారు ఫోన్లో మాట్లాడేదంతా అదేగా. దానికి ఫీజెందుకు?”

“నువ్వు అలా అనకుండా ఉండి ఉంటే బాగుండేది.”

“అయితే ఇప్పుడు స్పానిష్‌లో కాస్త ఉప్పు అందుకోమనండి.”

బావ ఆలోచించాడు. ఉప్పుకి మాట తెలీదు. అందుకోమనడానికి క్రియ తెలీదు. కెప్టెన్ భార్య ఉప్పు ఎప్పుడూ అడగలేదు. చివరికి లేచి వెళ్ళి తనే తెచ్చుకున్నాడు.

“వచ్చింది కదా భాష” అంది అక్క.

ఆదివారం చిన్నక్క వాళ్ళు వచ్చినప్పుడు పరిస్థితి ఇంకా స్పష్టమైంది. చిన్నబావ గుమ్మంలోంచే స్పానిష్‌లో మొదలుపెట్టాడు. ఆయన చెప్పేది అర్థం కావడానికి చదువు అక్కర్లేదు. ప్రతి దాన్నీ వేలితో చూపిస్తాడు. ఇది తలుపు. ఇది మా వదినగారు. వదినగారు మంచిది. ఇది సోఫా. సోఫా పాతది.

“సోఫా గురించి ఏమంటున్నాడు?” అంది అక్క.

“బాగుందంటున్నారు వదినా” అనబోయి చిన్నక్క, “బాగుందంటున్నారక్కా” అని సర్దుకుంది. కంగారులో చుట్టరికం తారుమారైంది.

పెద్దబావ దానికి జవాబుగా ఓడ మునిగిన రాత్రి గురించి ఒక పెద్ద వాక్యం చెప్పాడు. చిన్నబావకి ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆయన చిన్నబోయాడు. పెద్దబావకి మాత్రం చిన్నబావ అన్న తలుపు, సోఫా కూడా అర్థం కాలేదు గానీ, వేలు ఉంది గనక బయటపడలేదు. వాళ్ళు వెళ్ళాక అక్క గర్వంగా ప్లేట్లు కడిగింది. “పాపం, ఆయనకి మొత్తం ముక్కలు ముక్కలే వచ్చు” అంది.

తనిఖీ రోజు వచ్చింది.

దుబాసీ ఎందుకు, మా దగ్గర ఒకరికి ఇద్దరున్నారు అని మేనేజరుగారు కొత్త యజమానులకి ముందే చెప్పేశారు. ముందు హాలు నేలంతా మా కంపెనీ బాగా మెరిసే రకం టైల్స్ కొత్తగా పరిపించారు. మెరుపు చాలలేదని ఆ పొద్దున సబ్బు ఎక్కువేసి తుడిపించారు. తుడిచిన నేల ఆరకముందే కారు వచ్చేసింది.

దిగినావిడ యాభై దాటిన మనిషి. పొట్టి జుట్టు, సన్న మడమల చెప్పులు, చేతిలో ఒక చిన్న సంచీ. ఎన్నో ఊళ్ళు తిరిగి తిరిగి, ఎవరితోనూ నాలుగు మాటలు మాట్లాడలేక విసిగిపోయినట్టు ఉంది. మేనేజరుగారు, బావలిద్దరు, నేను గుమ్మంలో వరసగా నిలబడ్డాం.

చిన్నబావ ముందడుగు వేశాడు. “నమస్కారం. మీరు బాగున్నారా. నేను బాగున్నాను. ఇది తలుపు. ఇది మా మేనేజరు. మేనేజరు లావు” అన్నాడు వేలితో చూపిస్తూ.

“నా గురించి ఏం చెప్పావయ్యా?” అన్నారు మేనేజరుగారు.

“పెద్దవారని చెప్పాను సార్.”

ఆవిడ ఓపిగ్గా నవ్వి ముందుకి కదిలింది. ముందుంది తడి నేల. అది మొదట చూసింది పెద్దబావే. ఇన్నేళ్ళ అనుభవంలో ఏ టైలు మీద, ఏ తడిలో, ఏ చెప్పు జారుతుందో ఆయనకి తెలిసినట్టు ఎవరికీ తెలీదు. ఆగండి అంటే సరిపోయేది. ఆ మాట ఆయనకి రాదు. జాగ్రత్త అన్నా సరిపోయేది. అదీ రాదు. ఆయనకి వచ్చిన దారిలోనే ఆయన పరిగెత్తాడు.

“అమ్మా, మీరు ఈ దారిన వస్తారని మాకు ముందుగా తెలిసి ఉన్నట్లయితే, మీ పాదం మోపే వేళకి ఈ నేల ఆరిపోయి ఉంటే ఎంత బాగుండునో అని మేము కోరుకుని ఉండేవాళ్ళం, ఎందుకంటే...”

ఆవిడ గిరుక్కున తిరిగి బావ మొహంలోకి చూసింది. అంత చక్కటి వాక్యం ఆవిడ ఆ ప్రయాణంలో ఎక్కడా వినలేదు. స్వాగతం చెబుతున్నాడనుకుంది కాబోలు, చెయ్యి గుండె మీద పెట్టుకుని వింటూనే ఇంకో అడుగు వేసింది. బావ ‘ఎందుకంటే’ దాటి కారణం దగ్గరికి వచ్చేసరికి ఆవిడ నేల మీద కూర్చుని ఉంది. ఒక చెప్పు ఆవిడ కాలికి, రెండోది మేనేజరుగారి దగ్గర.

చిన్నబావే మోకాళ్ళ మీద కూర్చుని, “ఇది కాలు. కాలు ఎర్రగా ఉంది. కాలు పెద్దది. ఆ కాలు చిన్నది” అని పరిస్థితి వివరించాడు. అందులో అబద్ధమేమీ లేదు. ఆవిడ నొప్పితో కళ్ళు మూసుకుంది.

“క్షమాపణ చెప్పవయ్యా” అన్నారు మేనేజరుగారు పెద్దబావని మోచేత్తో పొడుస్తూ. వెంటనే గుర్తొచ్చి, “మరీ ఎక్కువ చెప్పకు” అన్నారు.

పెద్దబావ చేతులు వెనక్కి కట్టుకున్నాడు. ఆయన ఎదుట ఇప్పుడున్నది ఒక ఫిర్యాదు. ఫిర్యాదు వస్తే ఏం చెయ్యాలో ఆయనకి ఆలోచించే పని లేదు.

“మీరు నడుస్తున్న సమయంలో కిందకి చూసి ఉన్నట్లయితే, మీ చెప్పుల మడమలు తగినంత వెడల్పుగా ఉండి ఉన్నట్లయితే, మీరు పడి ఉండేవారు కారు. ఇలా జరగకుండా ఉండి ఉంటే బాగుండేది” అన్నాడు. ఒక్క క్రియ తప్పు పోలేదు. టీచరమ్మ విని ఉంటే ఏడ్చి ఉండేది.

ఆవిడ కళ్ళు తెరిచింది. నోరు కూడా తెరిచింది. మొహంలోంచి నొప్పి పోయి ఇంకేదో వచ్చింది. కింద కూర్చునే జవాబిచ్చింది.

“ఈ నేలని మీరు తడిగా వదిలెయ్యకుండా ఉండి ఉంటే, నేను ఆకాశం చూస్తూ నడిచినా పడి ఉండేదాన్ని కాను.”

“నేల మెరుస్తున్నప్పుడు అది తడేమోనని మీరు అనుమానించి ఉండవలసింది.”

“నాకు అనుమానం రావాలని మీరు కోరుకుని ఉంటే, నా దృష్టి మళ్ళించి ఉండేవారు కారు.”

“మీ దృష్టి మళ్ళకుండా ఉండి ఉంటే, నా హెచ్చరిక పూర్తయ్యేదాకా మీరు నిలబడి ఉండేవారు.”

మేనేజరుగారు క్యాంటీన్ నుంచి తువ్వాల్లో ఐసు తెప్పించారు. ఆవిడ ఒక చేత్తో ఐసు కాలికి అదుముకుంటూ, రెండో చేత్తో గాల్లో వాదిస్తోంది. బావ కూడా ఆవిడ ఎదురుగా నేల మీద చతికిలపడ్డాడు. కెప్టెన్ భార్య దగ్గర నేర్చుకున్న తుఫానులూ, సమాధులూ కూడా అవసరాన్ని బట్టి వాడాడు. ఆవిడ ఒకచోట “శభాష్” లాంటి మాటేదో అంది.

“ఏమంటోంది? కంపెనీ మూసేస్తుందా?” అన్నారు మేనేజరుగారు.

“బాగానే జరుగుతోంది సార్, కోరుకుని ఉండేవాళ్ళమనే దగ్గరున్నారు” అన్నాను నేను.

అంతలో ఆవిడ చిన్నబావ వైపు తిరిగి, తన గుండె మీద వేలు పెట్టుకుని, నెమ్మదిగా ఏవో చిన్న మాటలు చెప్పింది. చిన్నబావ మొహం వెలిగింది. అవి ఆయన పుస్తకంలో మాటలు. “ఈవిడ కూడా వాళ్ళ కంపెనీలో ఫిర్యాదులే చూస్తుందట అన్నయ్యా. మన కుర్చీ లాంటి కుర్చీయేనట.”

పెద్దబావ ఆవిణ్ణి కొత్తగా చూశాడు. ఆవిడ మళ్ళీ ఏదో అడిగింది. ఈసారి ఇంకా చిన్న ప్రశ్న. బావకి తెలియలేదు.

“తప్పు ఎవరిదీ, అని అడుగుతోంది” అన్నాడు చిన్నబావ.

“నేల ఆరి ఉన్నట్లయితే...” అని మొదలుపెట్టాడు పెద్దబావ. ఆవిడ అరచెయ్యి ఎత్తింది. వద్దంది. మళ్ళీ అదే చిన్న ప్రశ్న అడిగింది. ఆవిడ వాచిన కాలు చాపుకుని, ఐసు కరిగి నీళ్ళు కారుతుంటే, బావ మొహంలోకే చూస్తోంది.

నాకు తెలిసి మా విభాగంలోకి ఫిర్యాదులు కవర్లలోనే వచ్చాయి. కవరు మీద ఊరు ఉంటుంది, లోపల టైలు నంబరు ఉంటుంది. వాచిన కాలు ఉండదు. బావ ఆ కాలిని చూస్తూ ఉండిపోయాడు. మేనేజరుగారు వెనక నుంచి వంగి, “ఆ ఒక్క మాటా అనకు. అన్నావంటే గోడౌన్” అని గొణిగారు.

పెద్దబావ తల తిప్పకుండానే అన్నాడు. “తమ్ముడూ.”

“చెప్పన్నయ్యా.”

“‘తప్పు మాదే’ అనాలంటే ఏమంటారు?”

చిన్నబావ తటపటాయించాడు. ఆ మాట చెప్పకుండా ఊరుకుంటే చాలు, కొత్త గది, కొత్త కుర్చీ, తలుపు మీద పేరు. చెప్పినా నష్టం లేదేమో, మేనేజరుగారు పెద్దబావని ఎలాగూ గోడౌన్‌కి తోస్తారు. చెబితే ఆవిడకి పెద్దబావ నచ్చొచ్చు కూడా. ఇవన్నీ ఆయన మొహం మీద ఒకదాని వెనక ఒకటి నడిచి వెళ్ళడం నేను చూశాను.

“అది నీకు రాదా అన్నయ్యా? మొదటి పుస్తకంలోదే” అన్నాడు.

“నేను మొదటి పుస్తకం చదవలేదురా.”

“రెండోది?”

“అదీ చదవలేదు.”

“అంటే నిన్న మా ఇంటికొచ్చి సోఫా గురించి నేను చెప్పింది...”

“అర్థం కాలేదు. మీ ఇంటికి కాదు, మా ఇంటికి. నిన్న కాదు, ఆదివారం. ముందా మాట చెప్పు, ఆవిడ చూస్తోంది.”

చిన్నబావ చెవిలో చెప్పాడు. చిన్న చిన్న మాటలు, మూడో నాలుగో. పెద్దబావ నాలుక పెద్ద వాక్యాలకి అలవాటు పడిపోయి వాటి మీద జారింది. మొదటిసారి ‘అయి ఉండేది’ అనేది వెనకాల దానంతట అదే అతుక్కుంది. చిన్నబావ కాదని తల ఊపాడు. రెండోసారి ముందు ‘ఒకవేళ’ వచ్చింది. మూడోసారి కళ్ళు గట్టిగా మూసుకుని, చేదు మాత్ర మింగినట్టు, ముందూ వెనకా ఏమీ లేకుండా అనేశాడు. తప్పు మాదే.

మేనేజరుగారు గోడని పట్టుకున్నారు. కంపెనీ పుట్టాక ఆ భవనంలో ఆ మాట ఎవరూ అనలేదు, ఏ భాషలోనూ.

ఆవిడ చెయ్యి చాపింది. బావలిద్దరూ చెరో వైపు పట్టుకుని లేపారు. లేచి ఒంటికాలి మీద నిలబడి, మేనేజరుగారి చేతిలో ఉన్న తన రెండో చెప్పు తీసుకుని, ఆవిడ తీర్పు చెప్పింది. సగం చిన్నబావకి అర్థమైంది, సగం మాకు అర్థమైంది, రెండూ కలిపితే ఇదీ సంగతి. కుర్చీ ఒకటి కాదు, రెండు వెయ్యాలి. ఇప్పుడు జరుగుతున్నదంతా చిన్నబావ చూడాలి. వచ్చినవాళ్ళకి తలుపు, కుర్చీ, మరుగుదొడ్డి చూపించడం ఆయన పని. జరిగిపోయినదంతా, దాంతోపాటు జరగనిదంతా, పెద్దబావ చూడాలి. ఎవరికైనా తప్పు మాదే అని చెప్పాల్సి వస్తే ఇద్దరూ కలిసి చెప్పాలి.

ఆ సాయంత్రం అందరం పెద్దబావ ఇంట్లోనే భోంచేశాం. అక్కచెల్లెళ్ళు ఒకరినొకరు ఓదార్చుకునే అవసరం రాలేదు. దానికి ఇద్దరూ కాస్త నిరాశపడ్డట్టే ఉన్నారు.

“అయినా మా ఆయనదే పెద్ద విభాగం” అంది అక్క, కూర వడ్డిస్తూ. “జరిగిపోయింది ఎంతుంటుంది, జరుగుతున్నది ఎంతుంటుంది? ఇంత.” వేళ్ళతో చూపించింది.

“ఇప్పుడు జరగందే మీ ఆయనకి సరుకెక్కణ్ణుంచి వస్తుందక్కా?” అంది చిన్నక్క. “మా ఆయన పంపితేనే కదా.”

“పంపించేవాడెప్పుడూ కిందే ఉంటాడే.”

“మరి వడ్డించేవాళ్ళో?”

అక్క గరిటె గిన్నెలో పెట్టేసింది. పెద్దబావ ఉప్పు వైపు చూశాడు. చిన్నబావ చూసి అందించాడు.

గోడౌన్ మాత్రం ఖాళీగా ఉండటం మేనేజరుగారికి నచ్చలేదు. పెద్దబావ కొత్త గదికి వెళ్ళాక ఫిర్యాదుల గదిలో మిగిలింది నేనే గనక, పైగా ఆ రోజు హాల్లో అంత జరుగుతుంటే నవ్వింది నేనే గనక, సోమవారం నుంచి నన్ను అక్కడికి వెళ్ళమన్నారు. ఆ సంగతి చెబుదామని రెండుసార్లు నోరు తెరిచాను. విభాగాల సైజు తేలేదాకా ఎవరూ నా వైపు తిరగలేదు.

చివరికి అక్కే, వాదనలో దారి దొరక్క, పెద్దబావ వైపు తిరిగింది.

“ఉండండి. జరిగింది మీకు, జరుగుతున్నది మరిదిగారికి. మరి రేపటి సంగతి ఎవరు చూస్తారట?”



“అది ఆవిడ ఎవరికీ ఇవ్వలేదు” అన్నాడు పెద్దబావ. “తన దగ్గరే పెట్టుకుంది.”